విప్పి చూడనిచ్చిన యంత్రాలు

జడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే కంప్యూటరుకి సొంత తెర ఉండేది కాదు. ఇంట్లో వార్తలు చూసే టీవీకే దాన్ని తగిలించుకోవాలి. రాసింది దాచుకోవడానికి డిస్కు ఉండేది కాదు, పాటలు వినే క్యాసెట్ రికార్డరే దిక్కు. 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో విడుదలైన ఆ నల్లటి పెట్టెకు రబ్బరు మీటలు, 16 లేదా 48 కిలోబైట్ల మెమరీ. ఇవాళ ఫోనుతో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. స్విచ్చి వేస్తే టీవీ మీద ఖాళీ తెర, అడుగున ఒక కాపీరైటు లైను కనిపించేవి. ఏ బొమ్మ నొక్కాలో, ఎటు వెళ్ళాలో చెప్పే గుర్తు ఒక్కటీ ఉండేది కాదు. మనం ఏదైనా చెబితేనే అది ఏదైనా చేసేది. ఆట ఆడుకోవాలన్నా లోడ్ అని ఆజ్ఞ ఇచ్చి క్యాసెట్ తిప్పాల్సిందే.

హైదరాబాదులో బి.ఎన్. యుగంధర్ అనే ఐఏఎస్ అధికారి పదిహేనేళ్ళ కొడుక్కి ఈ స్పెక్ట్రమ్ కిట్టును బ్యాంకాక్ నుంచి తెచ్చిచ్చారు. అప్పటికి క్రికెట్టే లోకంగా ఉన్న ఆ కుర్రాడే, తర్వాత మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన సత్య నాదెళ్ళ. సాఫ్ట్‌వేర్ వైపు తన ఆలోచన మళ్ళడానికి ఆ పెట్టె కారణమైందని ఆయన తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాసుకున్నారు. కంప్యూటర్ రంగంలో పైకొచ్చినవాళ్ళలో చాలామందిని కదిపితే ఇలాంటి పెట్టె కథ ఒకటి బయటికొస్తుంది. మనం దాన్ని అదృష్టం ఖాతాలోనో, తెలివితేటల ఖాతాలోనో రాసేసి ఊరుకుంటాం. నాకు మాత్రం ఆ పెట్టెల తయారీలోనే ఏదో ఉందనిపిస్తుంది, అందులోనూ వెబ్ విషయంలో మరీ. వెబ్‌ని కట్టినవాళ్ళు చిన్నతనంలో ఎలాంటి యంత్రాల మీద చేయి పెట్టారో చూస్తే, వెబ్ ఇలా ఎందుకు తయారైందో, లక్షలమందికి అది వృత్తి ఎలా అయిందో తెలిసివస్తుంది.

స్పెక్ట్రమ్ లోపల 16 కిలోబైట్ల చెరగని మెమరీ ఒకటి ఉండేది. బేసిక్ భాషను ఒక్కొక్క లైనుగా చదివి అమలు చేసే ఇంటర్‌ప్రెటర్ అందులోనే కూర్చుని ఉండేది. అందుకే స్విచ్చి వేసిన మరుక్షణం యంత్రం ప్రోగ్రామింగుకు సిద్ధం. ప్రింట్ 7*8 అని ఎంటర్ నొక్కితే వెంటనే 56 అని వస్తుంది. అదే మాటకు ముందు 10 అన్న అంకె వేస్తే ఇప్పుడేమీ చేయదు, పదో నంబరు లైనుగా దాచుకుంటుంది. 10లో పేరు ప్రింటు చేయమని, 20లో ‘గోటూ 10’ అని రాసి రన్ అన్నారనుకోండి, పేరు కింద పేరు పడుతూ తెర నిండిపోతుంది. నిండాక యంత్రం ఆగి, ఇంకా పైకి జరపమంటారా అని అడుగుతుంది. ఊ అంటే మళ్ళీ తెర నిండా పేర్లే. ఆజ్ఞకూ ఆచరణకూ తేడా, మెమరీ అంటే ఏమిటి, లూప్ అంటే ఏమిటి, ఆగని లూప్ అంటే ఏమిటి, ఇవన్నీ రెండే రెండు లైన్లలో పిల్లవాడి చేతికి అందేవి. పాఠం చెప్పిన పంతులు లేడు.

లైనులో తప్పుంటే స్పెక్ట్రమ్ దాన్ని పుచ్చుకునేది కాదు. తప్పు జరిగిన చోట ఒక ప్రశ్నార్థకం మిణుకుమిణుకుమంటూ నిలబడేది. దిద్దేదాకా లైను లోపలికి వెళ్ళదు. అయితే చీవాట్లు లేవు, మార్కులు తగ్గవు, నలుగురిలో నవ్వులపాలు కావడం అసలే లేదు. తప్పు ఎక్కడో చూపించి యంత్రం ఓపిగ్గా ఎదురుచూస్తుంది. చేసిన పనికి ఫలితం ఒక్క క్షణంలో కనబడడం, తప్పు చేసినా నష్టం లేకపోవడం, ఈ రెండూ కలిసినచోట పిల్లలు గంటల తరబడి లేవరు. పెద్దలైనా లేవరు.

బేసిక్ పుట్టకముందు ఇంత సులువు లేదు. కార్డుల మీద చిల్లులు పొడిపించి, కట్టగట్టి కంప్యూటర్ గదిలో ఇచ్చి, గంటలకో మర్నాటికో కాగితం మీద వచ్చే జవాబు కోసం కాచుకోవాలి. కామా ఒకటి తప్పిపోతే ఆ రోజు పోయినట్టే. అమెరికాలో డార్ట్‌మౌత్ కాలేజీ గణిత అధ్యాపకులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ ఈ ఎదురుచూపును తెగ్గొట్టాలనుకున్నారు. సైన్సు చదవని విద్యార్థులకు కూడా కంప్యూటరు అందాలన్నది వాళ్ళ పట్టుదల. 1964 మే 1న తెల్లవారుజామున బేసిక్ మొదటిసారి నడిచింది. ఒకే కంప్యూటరు కాలాన్ని ముక్కలు చేసి చాలామందికి పంచే పద్ధతితో, టైపు కొట్టినవాడికి అక్కడికక్కడే జవాబు దొరికింది.

ఇంకో మూడేళ్ళకు, 1967లో, వాలీ ఫ్యూర్జిగ్, సీమోర్ పేపర్ట్, సింథియా సోలమన్ కలిసి పిల్లల కోసమే లోగో భాషను తయారుచేశారు. మన బడుల్లో కంప్యూటర్ పీరియడు ఉన్న తరాలకు అందులో తెర మీద గీతలు గీసే తాబేలు గుర్తుండే ఉంటుంది. ముందుకు 50, కుడికి 90, దీన్నే నాలుగుసార్లు చేయమంటే చతురస్రం గీస్తుంది. అసలు మజా త్రిభుజం దగ్గర. సమబాహు త్రిభుజం కోణం 60 అని లెక్కల మాస్టారు చెప్పారు కదాని ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ 60 అనే కొడతారు. తాబేలు త్రిభుజం మూయకుండా ఎటో పోతుంది. అప్పుడు లేచి నిలబడి, తామే తాబేలై నాలుగడుగులు వేసి తిరిగి చూసుకుంటే తెలుస్తుంది. 60 అనేది లోపలి కోణం, తిరగాల్సింది బయటి కోణం, అంటే 120. మూడు నూట ఇరవైలు 360. నాలుగు తొంభైలూ 360. ఏ ఆకారమైనా తన గీతను తానే దాటకుండా చుట్టూ తిరిగి మొదటికి వస్తే మొత్తం తిరుగుడు 360 అని పిల్ల తన కాళ్ళతోనే కనిపెడుతుంది. పేపర్ట్ జెనీవాలో మనస్తత్వవేత్త జీన్ పియాజే దగ్గర కొన్నేళ్ళు పనిచేసినవాడు. పిల్లలు జ్ఞానాన్ని వినడం వల్ల కాక కట్టుకోవడం వల్ల పొందుతారన్న పియాజే ఆలోచనకు ఆయన ఒక తాబేలును అమర్చాడు.

బ్రిటన్‌లో బీబీసీ టీవీ సంస్థ దేశం మొత్తానికి కంప్యూటర్ చదువు చెప్పాలని 1981లో ఏకంగా తన పేరుతోనే ఒక కంప్యూటరును తెచ్చింది. కేంబ్రిడ్జిలోని ఎకార్న్ కంపెనీ దాన్ని తయారుచేసింది. దాని బేసిక్‌ని రాసిన సోఫీ విల్సన్, హార్డ్‌వేర్ రూపొందించిన స్టీవ్ ఫర్బర్ కొన్నేళ్ళకే ఆర్మ్ ప్రాసెసరుకు పురుడు పోశారు. ఇవాళ మన ఫోన్లన్నీ దాదాపు ఆ వంశానివే. ఆ బీబీసీ మైక్రోలే మన దేశానికీ వచ్చాయి. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ అనే పథకం కింద ఎంపికైన బడులకు వాటిని ఇచ్చారు. చాలాచోట్ల ఆ గది తాళం వారానికి ఒక పీరియడు కోసమే తెరుచుకునేది. చెప్పులు బయట విడిచి, ఒక్కో యంత్రం ముందు నలుగురైదుగురు మూగి, మీట నొక్కే వంతు కోసం తన్నుకోవడం ఆ తరానికి తెలుసు. వారానికి పది నిమిషాలు దొరికిన చోట బేసిక్ వచ్చిందంటే నమ్మలేం. అయితే ఒక సంగతి మాత్రం బుర్రలోకి ఎక్కింది. ఈ యంత్రం చెప్పినట్టు వింటుంది, చెప్పేది మనమే కావచ్చు.

ఇప్పుడు వెబ్‌ని పుట్టించిన మనిషి దగ్గరికి వద్దాం. టిమ్ బర్నర్స్-లీ 1955లో లండన్‌లో పుట్టాడు. తల్లి మేరీ లీ వుడ్స్, తండ్రి కాన్వే బర్నర్స్-లీ ఇద్దరూ ఫెరాంటీ మార్క్ 1 మీద పనిచేసిన ప్రోగ్రామర్లు. వ్యాపారానికి తయారైన తొలి కంప్యూటర్లలో అదొకటి, 1951లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి మొదటిది చేరింది. ఆ ఇంట్లో కంప్యూటర్ మాటలు అన్నంతోపాటు వడ్డించేవే. చిన్న టిమ్ అట్టపెట్టెలతో ఉత్తుత్తి కంప్యూటర్లు కట్టి, చిల్లుల కాగితపు టేపు తగిలించి ఆడుకునేవాడు. కొంచెం పెద్దయ్యాక రైళ్ళ పిచ్చి పట్టింది. గదిలో బొమ్మ రైలు పట్టాలు పరిచి, బండ్లను నడిపించడానికి, ఈలలు వేయించడానికి చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలు చేసుకోసాగాడు. కొన్నాళ్ళకు రైళ్ళ కన్నా ఆ పరికరాలే ముద్దొచ్చాయి. ఆక్స్‌ఫర్డ్‌లో భౌతికశాస్త్రం చదువుతూ, రిపేరు షాపులో కొన్న పాత టీవీ, మోటరోలా 6800 ప్రాసెసర్, ఒక సోల్డరింగ్ ఐరన్‌తో సొంతంగా కంప్యూటరు చేసుకున్నాడు. 1976లో డిగ్రీ చేతికొచ్చేసరికి ట్రాన్సిస్టరు దగ్గర్నుంచి ప్రోగ్రాము దాకా మధ్యలో ఏ మెట్టూ అతనికి చీకటి కాదు.

చిన్నప్పటి సంగతి ఇంకొకటి అతని మనసులో నాటుకుపోయింది. తండ్రి ఒక ఉపన్యాసం తయారీలో భాగంగా మెదడు గురించి చదువుతూ, కంప్యూటరు కూడా మెదడులాగా సంబంధం లేనట్టు కనిపించే విషయాలను జతపరచగలదా అని కొడుకుతో చర్చించాడు. ఆ ప్రశ్న 1980లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో పనికొచ్చింది. ఆరు నెలల కాంట్రాక్టు మీద వెళ్ళిన బర్నర్స్-లీకి అక్కడ వేలమంది మనుషులు, రకరకాల యంత్రాలు, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాములు ఎదురయ్యాయి. ఎవరు దేనికి బాధ్యులో, ఏది మారిస్తే ఏది కూలుతుందో గుర్తుపెట్టుకోలేక, తన కోసం ఎన్‌క్వైర్ అనే ప్రోగ్రాము రాసుకున్నాడు. అందులో ఒక్కో విషయానికి ఒక్కో పేజీ. పాత పేజీ నుంచి లంకె వేయకుండా కొత్త పేజీ పుట్టించడానికి వీల్లేదు. వెళ్ళిపోతూ ఆ ప్రోగ్రామున్న ఫ్లాపీని అక్కడే ఇచ్చి వెళ్ళాడు. అది ఎక్కడో పోయింది. ఆలోచన మాత్రం పోలేదు.

1989 మార్చిలో అతను పెట్టిన ప్రతిపాదన అస్పష్టంగా ఉన్నా ఆసక్తికరంగా ఉందని పైఅధికారి మైక్ సెండల్ దాని మీద రాశాడు. డబ్బూ మనుషులూ ఇవ్వలేకపోయినా, 1990లో ఒక నెక్స్ట్ కంప్యూటరు కొనుక్కోనిచ్చాడు. నెక్స్ట్‌లో కిటికీలు, మెనూలు, అక్షరాల పెట్టెలు తయారుగా ఉండి, వాటిని జతచేసుకుంటూ పోవచ్చు. ఆ సంవత్సరం చివరికల్లా మొదటి బ్రౌజరూ మొదటి సర్వరూ నడిచాయి. ఆ సర్వరు యంత్రం మీద, దీన్ని ఆపొద్దని ఎర్రసిరాతో రాసిన కాగితం అంటించి ఉండేది. స్విచ్చి ఎవరైనా కట్టేస్తే ప్రపంచంలోని వెబ్ మొత్తం ఆగిపోయేది మరి! ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆ మొదటి బ్రౌజరు చదవడానికే కాదు, రాయడానికి కూడా. పేజీ తెరిచి, అందులోనే మార్చి, లంకె వేసి దాచుకోవచ్చు. పాఠకుడికీ రచయితకీ మధ్య గోడ అతని ఊహలోనే లేదు. సొంత కంప్యూటరు సొంతంగా చేసుకున్నవాడికి అలాంటి గోడ ఊహకు రావడమూ కష్టమే.

ఆ తర్వాత వచ్చిన బ్రౌజర్లు రాసే సగాన్ని వదిలేశాయి. నెక్స్ట్ యంత్రాలు ఎందరి దగ్గరో లేవు కాబట్టి అన్ని కంప్యూటర్ల మీదా నడిచేలా నికోలా పెలో అనే విద్యార్థిని రాసిన బ్రౌజరు చదవడానికి మాత్రమే పనికొచ్చేది. 1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మొజాయిక్ కూడా అంతే. దాన్ని రాసిన ఇద్దరిలో మార్క్ ఆండ్రీసన్ విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక పల్లెలో పెరిగి, కంప్యూటరు చేతికి రాకముందే లైబ్రరీ పుస్తకం చూసి బేసిక్ నేర్చుకున్నవాడు. రెండోవాడు ఎరిక్ బీనా. మొజాయిక్ పేజీలో అక్షరాల మధ్యనే బొమ్మలు పెట్టనిచ్చింది. అంతే, లోకం విరగబడింది. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ వెబ్ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది.

రాసే సగం పోయినా ఒక కిటికీ మిగిలింది. దాని పేరు వ్యూ సోర్స్. వెబ్ పేజీ మన దగ్గరికి బొమ్మగా రాదు. సర్వరు పంపేది మామూలు అక్షరాలే, మధ్యమధ్య కోణపు కుండలీకరణాల్లో ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లంకె అని చెప్పే హెచ్‌టీఎంఎల్ ట్యాగులు. వాటిని చదివి పేజీగా పేర్చే పని మన కంప్యూటరులోని బ్రౌజరుది. అంటే పేజీ తాలూకు వంట మొత్తం మన ఇంట్లోనే జరుగుతోంది, దినుసులన్నీ మన చేతికే వస్తున్నాయి. వాటిని చూపించడానికి బ్రౌజరు ప్రత్యేకంగా చేయాల్సింది ఏమీ లేదు. పేజీ బాగుందనుకుంటే మెనూలో వ్యూ సోర్స్ నొక్కడం, ఆ అక్షరాలను నోట్‌ప్యాడ్‌లోకి తెచ్చుకోవడం, రంగు ఒకటి మార్చి, పేరు ఒకటి మార్చి, సేవ్ చేసి రిఫ్రెష్ కొట్టడం. స్పెక్ట్రమ్ ఇచ్చిన ఆ ఒక్క క్షణపు జవాబు మళ్ళీ దొరికింది, ఈసారి ఎవరో నిపుణుడు రాసిన పేజీ మీదే. 1990లలో వెబ్ డెవలపర్లయినవాళ్ళలో చాలామందికి ఇదే గురుకులం.

దీనికి తోడు బ్రౌజరుకి ఒక గుణం అబ్బింది. అదే లేకపోతే ఇంతమంది ఈ పనిలోకి వచ్చేవాళ్ళు కాదని నా గట్టి నమ్మకం. అక్షరాలను లావు చేయడానికి ‘బి’ అనే ట్యాగు, వాలుగా చేయడానికి ‘ఐ’ అనే ట్యాగు ఉన్నాయి. ఏది తర్వాత తెరిస్తే దాన్ని ముందు మూయాలన్నది నియమం. కొత్తవాడు బి తెరిచి, ఐ తెరిచి, ముందు బి మూసేస్తాడు. ప్రోగ్రామింగ్ భాష అయితే అక్కడే ఆపి తప్పు చూపిస్తుంది. బ్రౌజరు ఆపదు. ముద్దుముద్దుగా, సగం సగం మాటలతో మనవరాలు చెప్పేది అమ్మమ్మ అర్థం చేసుకున్నట్టు, వీడి ఉద్దేశం ఇదై ఉంటుందని తనే సర్దుకుని, లావువి లావుగా, వాలువి వాలుగా చూపిస్తుంది. మూయడం మరచిపోయిన పేరాను తనే మూస్తుంది. తెలియని ట్యాగు కనబడితే దాన్ని వదిలేసి లోపలి మాటలు చూపిస్తుంది.

వెబ్ ప్రమాణాలు రాసేవాళ్ళకు ఇది నచ్చలేదు. ఒక్కో బ్రౌజరు ఒక్కో రకంగా సర్దుకుంటుంటే ఒకే పేజీ రెండు చోట్ల రెండు రకాలుగా కనబడేది, ఆ బాధ నిజమే. అందుకని 2000లో ఆ ట్యాగుల భాషకు కఠిన రూపంగా ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ వచ్చింది. దాని అసలు నియమం ప్రకారం ఒక్క ట్యాగు తప్పినా బ్రౌజరు పేజీ చూపించడం మానేసి తప్పు ప్రకటించాలి. జనం దాని దారిలోకి రాలేదు. దాని రెండో రూపం కోసం జరిగిన పని 2009లో ఆగిపోయింది. ఈలోగా బ్రౌజర్లు తయారుచేసే మొజిల్లా, ఒపెరా, యాపిల్ వాళ్ళు 2004లో చేతులు కలిపి ఎదురు దారి పట్టారు. జనం తప్పులు చేస్తారు, చేయనిద్దాం, కానీ ఏ తప్పును ఎలా సర్దుకోవాలో అన్ని బ్రౌజర్లకూ ఒకే పద్ధతి రాసిపెడదాం అన్నారు. హెచ్‌టీఎంఎల్5లో ఆ పద్ధతి అడుగడుగునా రాసి ఉంది. పైన చెప్పిన బి, ఐ చిక్కును విడదీసే మెట్ల వరుసకు ‘దత్తత సంస్థ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. తప్పిపోయిన ముక్కలకు సరైన తల్లిని చూసి అప్పగిస్తుంది కాబట్టి ఆ పేరు. కొత్తవాళ్ళ పొరపాట్లను ఇంత శ్రద్ధగా, ఇంత గౌరవంగా గ్రంథస్థం చేసిన సాంకేతిక పత్రం ఇంకోటి నేను చూడలేదు.

వెబ్‌కి ఇంకో పెద్ద బాకీ ఉంది, యాపిల్ వాళ్ళ హైపర్‌కార్డ్‌కి. బిల్ అట్కిన్సన్ 1987లో తెచ్చిన ఆ ప్రోగ్రాములో కార్డుల కట్ట తయారుచేసి, బొత్తాం పెట్టి, నొక్కితే ఏం జరగాలో దాదాపు మామూలు ఇంగ్లీషు వాక్యాల్లో రాయవచ్చు. వేరేవాళ్ళ కట్టల్లో బొత్తాం వెనక ఏముందో కూడా తెరిచి చూడవచ్చు. పే-యువాన్ వే అనే బెర్కిలీ విద్యార్థి దాని స్ఫూర్తితో వయోలా చేసి, దాన్ని 1992లో వెబ్ బ్రౌజరుగా మార్చాడు. నెట్‌స్కేప్ అనే బ్రౌజరు కంపెనీలో బ్రెండన్ ఐక్ 1995 మేలో పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని రాసినప్పుడు, క్లిక్ చేస్తే ఫలానాది జరగాలి అని చెప్పే ‘ఆన్‌క్లిక్’ పద్ధతిని హైపర్‌కార్డ్ భాష నుంచే తీసుకున్నాడు. వార్డ్ కనింగ్‌హామ్ తన హైపర్‌కార్డ్ కట్టలో పుట్టిన ఆలోచనతోనే 1995లో మొదటి వికీని పెట్టాడు. ఎవరైనా దిద్దగల పేజీ అనే బర్నర్స్-లీ పాత కోరిక అలా వేరే దారిన తిరిగొచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది కూడా ఆ దారిలోనే.

మన దేశంలో సామాన్యుడికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. విద్యార్థులకు చవగ్గా దొరికిన షెల్ అకౌంటులో బొమ్మలు రావు, ఉత్త అక్షరాలే. పేజీ అంటే మొదట అక్షరాలు, బొమ్మ తర్వాత అన్న సంగతి ఆ తరానికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ తర్వాత వీధి వీధినా నెట్ సెంటర్లు వచ్చాయి. గంటకింత అని లెక్క కాబట్టి అక్కడ తీరిగ్గా చదివే యోగం లేదు. పేజీలను గబగబా సేవ్ చేసి, 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో వేసుకుని, ఇన్‌స్టిట్యూట్‌లోనో స్నేహితుడి ఇంట్లోనో తెరిచి విప్పేవాళ్ళు. హైదరాబాదు అమీర్‌పేటలో కోర్సు కట్టినవాళ్ళలో కూడా ఆ ఫ్లాపీ ఉన్నవాడు ఒక అడుగు ముందుండేవాడు. మాస్టారు చెప్పే ఉదాహరణ ఒకటైతే వాడి దగ్గర ఇరవై ఉండేవి.

తెలుగువాళ్ళకు విప్పాల్సిన ముడి ఇంకోటి ఉండేది, మన లిపి. ప్రపంచ లిపుల్లోని అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగుకు 128 గళ్ళు ఉన్నా, కంప్యూటర్లూ బ్రౌజర్లూ వాటిని సరిగ్గా పేర్చడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా మన పత్రికలు సొంత ఫాంట్లతో నెట్టుకొచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల కోడుల్లో తలకట్టు, గుడి, ఒత్తు లాంటి తెలుగు ముక్కలను కూర్చోబెట్టేవారు. ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. వెతికితే దొరకదు, కాపీ చేస్తే పనికిరాదు, ఒక పత్రిక కోడు ఇంకో పత్రికకు చెల్లదు. అప్పుడు కొందరు తెలుగు కుర్రాళ్ళు ఆ పేజీల సోర్సు విప్పి, ఏ కోడుకి ఏ ముక్కో పట్టికలు కట్టారు. ఫైర్‌ఫాక్స్‌కి వచ్చిన పద్మ అనే పొడిగింపు అలాంటిదే, పాత ఫాంట్ల పేజీని తెరుస్తూనే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. ఎవరూ అడగని, ఎవరూ జీతం ఇవ్వని పని అది. అది చేయకపోతే ఆ తరానికి వెబ్‌లో తెలుగు సరిగా దక్కేది కాదు.

యూనికోడ్ వచ్చాక కూడా ఒక గందరగోళం మనందరికీ పరిచయమే. తెలుగు ఉండాల్సిన చోట, తలమీద గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే గీత ‘ఎ’, మళ్ళీ డిగ్రీ గుర్తు, ఇలా లైన్ల కొద్దీ వస్తాయి. దీన్ని విప్పి చూస్తే భలే ముచ్చటగా ఉంటుంది. ‘అ’ అక్షరానికి యూనికోడ్‌లో నంబరు 3077. ఒక బైటులో 255కి మించి పట్టదు కాబట్టి యూటీఎఫ్-8 పద్ధతి దాన్ని మూడు బైట్లుగా విడదీస్తుంది: 224, 176, 133. తెలుగు గళ్ళు 3072 నుంచి 3199 దాకా ఉంటాయి కనుక మనం రాసే ప్రతి తెలుగు అక్షరమూ 224తోనే మొదలవుతుంది. మొదటి 64 గళ్ళకు రెండో బైటు 176, తర్వాతి 64కు 177. మన అచ్చులు, హల్లులు దాదాపు అన్నీ మొదటి సగంలో ఉన్నాయి. గుణింతంలో గుడి కూడా అక్కడే, ఆ సగంలో చిట్టచివరి గడిలో. గుడిదీర్ఘం నుంచి రెండో సగం మొదలు. ఇక పశ్చిమ ఐరోపా భాషల పాత పట్టికలో 224 అంటే గీత ఉన్న ‘ఎ’, 176 అంటే డిగ్రీ గుర్తు, 177 అంటే కూడిక తీసివేత కలిసిన గుర్తు. బ్రౌజరు ఈ పేజీని యూటీఎఫ్-8గా చదవాలని తెలియక ఆ పాత పట్టిక పట్టుకుంటే, ఒక్కో తెలుగు అక్షరం మూడు ముక్కలై పడుతుంది. పేజీ పైభాగంలో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని ఒక్క లైను చేరిస్తే సరిపోతుంది.

2006లో ఫైర్‌ఫాక్స్‌కి ఫైర్‌బగ్ అనే పొడిగింపు వచ్చాక విప్పి చూడడం ఇంకో మెట్టు ఎక్కింది. పేజీలో ఏ ముక్క మీద క్లిక్ చేసినా దాని కోడు కనబడుతుంది, అక్కడే మారిస్తే తెర మీద అప్పటికప్పుడు మారుతుంది. ఇప్పుడు ప్రతి పెద్ద బ్రౌజరులోనూ ఇలాంటి పనిముట్లు ఉన్నాయి. అదే సమయంలో పేజీల సోర్సు మాత్రం మూసుకుపోతోంది. త్వరగా లోడ్ కావాలని కోడులోని పేర్లన్నీ ఒక్కో అక్షరానికి కుదించి, ఖాళీలు తీసేసి, ఒకే ఉండగా పంపుతున్నారు. పెద్ద సైట్లలో వ్యూ సోర్స్ నొక్కితే కనబడేది ఒక ఖాళీ డబ్బా, దాన్ని నింపే స్క్రిప్టు పేరు మాత్రమే. వేగం వచ్చింది, ఒప్పుకుంటాను. గురుకులం తలుపు సగం మూతపడింది, దానికి నాకు దిగులుగానే ఉంది.

కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ ఈ దిగులే పడ్డాడు. కంప్యూటర్ సైన్సు సీటు కోసం వచ్చే పిల్లల్లో, ఇంట్లో సొంతంగా ప్రోగ్రాములు రాసి వచ్చినవాళ్ళు ఏటేటా తగ్గిపోవడం అతని కంటబడింది. బీబీసీ మైక్రో మీద పెరిగినవాడు కాబట్టి కారణం ఊహించాడు. ఇళ్ళలోకి వచ్చినవి ఆటల పెట్టెలు, మూసిన కంప్యూటర్లు. చెడిపోతే బాధపడక్కర్లేనంత చవకైన, విప్పుకోదగ్గ కంప్యూటరు పిల్లల చేతికి ఇవ్వాలని 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పైని విడుదల చేయించాడు.

మన ఊళ్ళలో ఇప్పుడు పిల్లల చేతికి మొదట వచ్చే కంప్యూటరు ఫోను. దాని మీద కూడా కొంత సాగుతుంది. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ తెరిచి, చిరునామా ముందు ‘వ్యూ-సోర్స్’ అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో అడ్డగీతతో కొట్టి, కోలన్ పెడితే ఏ పేజీ అయినా లోపలి అక్షరాలతో తెరుచుకుంటుంది. ఏదైనా తెలుగు పత్రిక పేజీతో మొదలుపెట్టండి. పై లైన్లలోనే యూటీఎఫ్-8 కనిపిస్తుంది. బడిలోనో మరెక్కడో కంప్యూటరు దొరికిన రోజున, నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్ల పేజీ రాసి, అందులో మీ పేరు తెలుగులో పెట్టి, క్యారెక్టర్ సెట్ లైనులో యూటీఎఫ్-8 బదులు ఆ పాత పశ్చిమ ఐరోపా పట్టిక పేరు విండోస్-1252 అని రాసి, సేవ్ చేసి బ్రౌజరులో తెరవండి. మీ పేరులో ఎన్ని యూనికోడ్ గళ్ళున్నాయో అన్ని గీత ‘ఎ’లు వస్తాయి. గుణింతపు గుర్తుకీ పొల్లుకీ ఒక్కో గడి ఉంటుంది, ఒత్తు అంటే పొల్లూ దాని వెనక హల్లూ కాబట్టి ‘కృష్ణ’లో ఎన్ని వస్తాయో ముందే లెక్కకట్టి, తర్వాత తెర మీద సరిచూసుకోండి. ‘క’, ఋత్వం, ‘ష’, పొల్లు, ‘ణ’, మొత్తం ఐదు.